స్టేక్ హౌస్‌లో ఆముదం వాసన

ఇంతవరకూ ఈ బ్లాగులో రాసిన ప్రయాణాలన్నీ ఏదో ఒకటి చూడ్డానికి వెళ్లినవి. ఇది వాసన చూడ్డానికి వెళ్లిన ప్రయాణం. రెండు వేల మూడులో, వానలు మొదలైన కొత్తలో, హిందూపురం నుంచి బెంగుళూరు వెళ్లి, ఎమ్జీ రోడ్డుకు రెండు వీధుల అవతల ఉన్న ఒక ఖరీదైన స్టేక్ హౌస్‌లో మధ్యాహ్న భోజనం చేసి, సాయంత్రానికి మనిషిగా మిగిలి బయటపడ్డ వృత్తాంతం ఇది. అప్పటి ధరలు, అప్పటి వేళలు రాస్తున్నాను. ఇప్పుడు వెళ్లేవాళ్లు ధరలను రెట్టింపు చేసుకోండి, భయాన్ని సగం చేసుకోండి. అలాంటి చోట ఏ ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలో చెప్పే పేజీలు చాలా ఉన్నాయి. దోషిగా వెళ్లేవాళ్లకు పనికొచ్చే పేజీ మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు. ఆ లోటు తీర్చడం నా ధర్మం.

నేరం ముందే చెప్పేస్తాను. మా అమ్మ తమ్ముడు శ్రీనివాసులు మామకు బెంగుళూరు కాటన్‌పేటలో చెక్కసామాన్ల దుకాణం ఉంది. చపాతీ పీటలు, అప్పడాల కర్రలు, పప్పుగుత్తులు, కవ్వాలు ముందు గదిలో అమ్ముతాడు, వెనక గదిలో చేయిస్తాడు. ఆ ఏడాది వేసవిలో ఆ స్టేక్ హౌస్ నుంచి మామకు జన్మలో చూడనంత పెద్ద ఆర్డరు వచ్చింది. స్టేక్ హౌస్‌లో మాంసాన్ని బాగా కాలిన ఇనుప పళ్లెంలో పెట్టి, అది బుసలు కొడుతుండగానే బల్ల మీదికి తెస్తారు. ఆ పళ్లెం కింద గుంత తీసిన చెక్క పీట ఒకటి ఉంటుంది, లేకపోతే బల్ల కూడా వేగిపోతుంది. అలాంటి పీటలు అరవై కావాలన్నారు. మామిడి కట్టె ఎంచడం, ఆరబెట్టడం, కోయడం, గుంత తీయడం నంజుండప్ప పని. ఆయన ఆ దుకాణంలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు. చివర్లో ఒక్కో పీటకూ వేరుశనగ నూనె పట్టించి, గుడ్డతో రుద్ది ఆరబెట్టడం నా పని. సెలవులకు వచ్చిన డిగ్రీ మేనల్లుడికి ఇంతకంటే ప్రమాదం లేని పని ఏముంటుందని మామ అనుకున్నాడు పాపం.

ముప్పై పీటలకే నూనె అయిపోయింది. వంటింటి నూనె ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానంది అత్త. మే నెల ఎండలో అంగడి దాకా నడవడానికి నాకు మనసొప్పలేదు. వెనక గది అల్మారాలో, నంజుండప్ప తన మోకాళ్లకు రాసుకోవడానికి ఊరి నుంచి తెచ్చుకున్న ఆముదం డబ్బా నిండుగా కనిపించింది. నూనె అంటే నూనే కదా అని నాలోని విద్యావంతుడు తీర్మానించాడు. మిగిలిన ముప్పై పీటలూ ఆముదంతో స్నానం చేశాయి. అవి ఎంత నిగనిగలాడాయంటే, మామ రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి ఆముదం వరస వైపు వేలు చూపించి, "చూడు నంజుండప్పా, మా అల్లుని చేతిలో ఏం మెరుపుండాదో!" అని నాకొక గళ్ల చొక్కా కొనిపెట్టాడు. ఆ చొక్కా ఒంటి మీదికి వచ్చాక నిజం చెప్పే దారి మూసుకుపోయింది. డబ్బా ఏమైందని నంజుండప్ప అడిగితే పిల్లి దొర్లించిందన్నాను. ఆయనకు నశ్యం అలవాటు, ముక్కు ఎప్పుడో పని మానేసింది. మామ ముక్కుకు ఆ గదిలో వార్నిష్ తప్ప ఏదీ తగలదు. అలా ఎవరి ముక్కుకూ దొరక్కుండా అరవై పీటలూ గుమ్మం దాటి వెళ్లిపోయాయి.

నెల తిరక్కుండానే ఒక పొద్దున మా పక్కింటి ఫోనుకు మామ ఫోన్ చేశాడు.

"ఏమప్పా అల్లుడూ, బాగుండావా? రేప్పొద్దున బండెక్కి వచ్చేయ్. ఆ హోటల్ మేనేజరు ఫోన్ చేసినాడు. మన పీటలు వాసనొస్తా ఉండాయంట. ఇద్దరు గిరాకీలు పళ్లేలు వాపసు పంపిచ్చినారంట."

"వాసనా? ఏం వాసన మామా?" ఏమీ ఎరగనట్టు అడిగాను.

"అదే తెలీలేదు. ఆయప్ప అంతా ఇంగ్లీషులో వాయించినాడు. పచ్చి కట్టె వాసనే అయ్యుంటాది, ఇంకేముంటాది? నంజుండప్ప సరిగ్గా ఆరబెట్టకుండా కోసేసినాడు. మేనేజరుతో మాట్లాడేకి ముందు మనమే గిరాకీల మాదిరి పోయి కూచోని, తిని, వాసన చూస్తాము. నువ్వు ఇంగ్లీషు చదివినోడివి, తోడు రావల్ల. కట్టె పచ్చిదని తేలిందనుకో, నంజుండప్పకి మా అంగట్లో అదే చివరి దినం. ఇరవై రెండేండ్లు కాదు, నలభై అయినా సరే."

దొంగనే దుబాసీగా పిలిచిన న్యాయస్థానం బహుశా ఇదొక్కటే. వస్తానన్నాను.

హిందూపురంలో పొద్దున ఏడున్నర ప్రాంతంలో ప్యాసింజరు ఉండేది. టికెట్టు ఇరవై రూపాయల లోపే. మూడు గంటల ప్రయాణం, కిటికీ పక్క సీటు కావాలంటే అరగంట ముందు వెళ్లాలి. గౌరిబిదనూరులో ఇడ్లీ, దొడ్డబళ్లాపురంలో కాఫీ దొరుకుతాయి. నాకు రెండూ గొంతు దిగలేదు. ఎదుటి సీట్లో మడకశిర వైపు తాపీమేస్త్రీ ఒకాయన, యలహంకలో దిగి ఏదో అపార్ట్‌మెంటు పనికి వెళ్తున్నవాడు, నా ఇడ్లీ పొట్లం వంక చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, పరీక్షకి పోతా ఉండావా? మొగం అట్లుండాది."

"అవునన్నా."

"ఏం పరీక్ష?"

"భోజనం చేసే పరీక్ష."

యలహంకలో దిగేటప్పుడు ఆయన, "ఆ ఇడ్లీ నువ్వు తినేది లేదు గదా?" అని పొట్లం తీసుకుని దిగిపోయాడు. ఆ రోజు నా వల్ల లాభపడ్డ ఏకైక వ్యక్తి ఆయన.

సిటీ స్టేషన్ నుంచి కాటన్‌పేటకు నడిస్తే పదిహేను నిమిషాలు. ఆటోవాళ్లు అంత దగ్గరికి రారు, అడిగి అవమానపడకండి. నేను నలభై నిమిషాలు నడిచాను. అపరాధులు మెల్లగా నడుస్తారు.

దుకాణంలో మామ బూడిదరంగు సఫారీ వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. అది ఆయన పెళ్లిళ్లకూ, బ్యాంకు మేనేజరును కలవడానికీ మాత్రమే వేసే సఫారీ. నంజుండప్ప లేత్ మిషను పక్కన స్టూలు మీద, రెండు మోకాళ్లూ అరచేతులతో పట్టుకుని కూర్చున్నాడు. అప్పటికే వాదన సగంలో ఉంది.

"నాలుగు నెలలు నీడన ఆరేసిన కట్టె అన్నా అది. పచ్చిదంటే నేనొప్పను."

"మరి వాసన యాడ్నుంచి వస్తాది? సుమ్నే, ఊరికే వస్తాదా?"

"వాసన గీసన నాకు తెలీదు. నాకు ముక్కు లేదు, చెవి ఉండాది." నంజుండప్ప వంగి కింద నుంచి రెండు చెక్కముక్కలు తీశాడు. ఒకదాన్ని వేలి కణుపుతో తట్టాడు. దబ్‌మని మొద్దుగా పలికింది. "ఇది మొన్న కొట్టిన కట్టె." రెండోదాన్ని తట్టాడు. టక్‌మంది, తలుపు తట్టినట్టు. "ఇది ఆరిన కట్టె. పోయినంక పీటని తట్టి చూడండి. దబ్‌మంటే నన్ను పంపించేయండి, నేనే పోతా. టక్‌మంటే మాత్రం నా కట్టెని ఏమీ అనొద్దండి."

తర్వాత నా వైపు తిరిగాడు. "మీ మామ కోపంలో ఉండాడు, ఆయనకి వినపడదు. నువ్వు తట్టి చూడప్పా. చదువుకున్నోడివి, నిజం చెప్తావు."

ఆ చివరి మాటకు నాకు దగ్గు వచ్చింది. ఆయన లేవబోయి, మోకాళ్లు సహకరించక మళ్లీ కూలబడ్డాడు. "ఈ వానకి కీళ్లు పట్టేసినాయి. మళ్లీ ఊరికి పొయ్యేదాకా ఆముదం లేదు. ఆ పిల్లి దొరికితే తోలు తీస్తా."

నోరు తెరవడానికి అది మంచి అవకాశం. సమయం పదకొండున్నర. తెరిచాను కూడా. అంతలో మామ, "ఆటో వచ్చె, రా!" అన్నాడు. నోరు మూసుకుని ఆటో ఎక్కాను.

కాటన్‌పేట నుంచి ఎమ్జీ రోడ్డు వైపు మీటరు మీద యాభై లోపే అయ్యేది, ట్రాఫిక్కును బట్టి అరగంట. డ్రైవరు అద్దంలో మామ సఫారీని, నా గళ్ల చొక్కానూ చూసి కన్నడలో, ఇంటర్వ్యూకా అని అడిగాడు. ఊటానికి అన్నాడు మామ. భోజనానికి ఇంత అలంకరణా అని డ్రైవరు ఆశ్చర్యపోయి, అద్దం కాస్త సర్దుకుని దారంతా మమ్మల్నే చూశాడు. కార్పొరేషన్ సర్కిల్ దగ్గర ఆటో ఆగినప్పుడు గుండె దిటవు చేసుకున్నాను.

"మామా, ఒక మాట."

"చెప్పప్పా."

"అది... అక్కడ ఫోర్కు ఎడమ చేత్తో పట్టుకోవల్ల."

"అట్లనా," అని మామ ఎంతో శ్రద్ధగా ఎడమ చేతి వేళ్లు ముడిచి, గాల్లో రెండు సార్లు పొడిచి అభ్యాసం చేశాడు. నేను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను.

స్టేక్ హౌస్ పన్నెండున్నరకు తెరుస్తారు. శుక్ర, శనివారాల్లో ముందే ఫోన్ చేయాలి. మేం వెళ్లింది బుధవారం, సగం బల్లలు ఖాళీ. బయట మిట్టమధ్యాహ్నం, లోపల మాత్రం సాయంత్రం ఆరు. ఆ చీకటికి కళ్లు అలవాటు పడేలోపే మామ వంగి బల్ల కింద తల పెట్టాడు. కూర్చున్న ప్రతి చోటా బల్ల కాళ్ల అతుకులు చూడ్డం ఆయన వృత్తిధర్మం. వెయిటరు వచ్చి నిలబడేసరికి కుర్చీలో మామకు బదులు సఫారీ వీపు మాత్రమే ఉంది.

"పైన పాలిష్ చూసి మోసపోకప్పా," అంది బల్ల కింది నుంచి మామ గొంతు. "లోపల అంతా ప్లైవుడ్డే."

వెయిటరుకు నలభై ఏళ్లుంటాయి. చొక్కా మీది బిళ్లలో జోసెఫ్ అని ఉంది. మా మాటలు విని పెదవి కొరుక్కుని, "తెలుగువాళ్లా సార్? మాది ముళబాగిలు," అన్నాడు. అక్కడ దొరికిన తోడు చూసి మామకు ప్రాణం లేచొచ్చింది, నాకు పోయింది. ఆముదం అంటే తెలియని దేశం నుంచి వచ్చిన వెయిటరైతే బాగుండునని రైల్లోంచీ కోరుకుంటున్నాను.

తోలు అట్ట మెనూలో మొదటి పేజీ అంతా బీఫ్. మనం తినేది చూసి చదవమన్నాడు మామ. చికెన్ స్టేక్ నూట తొంభై, లాంబ్ స్టేక్ రెండు వందల నలభై, పన్ను వేరే. లాంబ్ అంటే గొర్రెపిల్ల అని జోసెఫ్ చెప్పాడు. మామకు చికెన్, నాకు గొర్రె ఖాయమయ్యాయి. ఎంతవరకు ఉడకాలని అడిగాడు జోసెఫ్.

"అదేం ప్రశ్నప్పా?" మామ నిర్ఘాంతపోయాడు. "పూర్తిగా ఉడకల్ల. మాంసం ఎముకను వదిలేసేంత."

"స్టేక్‌లో ఎముక ఉండదు సార్."

"ఎముక గూడా లేకుండా రెండు నూట్ల నలభైనా!"

జోసెఫ్ నవ్వుకుంటూ వెళ్లాడు. నేను లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. అరవై పీటల్లో ముప్పై నావి. మా బల్ల మీదికి వచ్చేవి రెండు. రెండూ వేరుశనగ పీటలే అయ్యే అవకాశం నాలుగో వంతు కంటే తక్కువ. స్టాటిస్టిక్స్ పేపరు నాకు జీవితంలో పనికొచ్చింది ఆ ఒక్క రోజే, అదీ బాధపెట్టడానికే. వంటగది తలుపు తెరుచుకున్న ప్రతిసారీ గ్లాసెత్తి నీళ్లు తాగాను. గ్లాసులో నీళ్లు మూడు సార్లు నింపారు.

మొదట మామ పళ్లెం వచ్చింది. బుస్సుమని పొగ, నలుగురూ తలలు తిప్పి చూశారు. కాలిన ఉల్లిపాయ, మిరియాలు, వెన్న. మామ కళ్లు మూసుకుని మూడు సార్లు గాఢంగా పీల్చాడు, ప్రాణాయామం చేసినట్టు. ఆయన మొహం విప్పారింది.

"ఏమీ లేదే అల్లుడూ! కమ్మగా ఉండాది. ఈ మేనేజరుకి జలుబేమో. పాపం నంజుండప్పని ఎన్ని మాటలన్నానో."

ఆ అరనిమిషం నేను మళ్లీ దేవుణ్ణి నమ్మాను. అంతలో నా పళ్లెం వచ్చింది.

ముందు వెన్న వాసనే వచ్చింది. తర్వాత ఇనుము వేడి చెక్కలోకి దిగి, కింద నుంచి మెల్లగా, నిర్దయగా అది లేచింది. నెలల బిడ్డకు నీళ్లు పోసే గది, ఆదివారం పొద్దున జుట్టు కారుతూ పెరట్లో కూర్చున్న బాల్యం, బలవంతంగా నోట్లో పోసిన చెంచా, అన్నీ కలిసి ఎమ్జీ రోడ్డు పక్కన ప్రత్యక్షమయ్యాయి. పక్క బల్ల దగ్గరి ఆవిడ చేతిరుమాలు ముక్కుకు పెట్టుకుంది. పీట బల్ల మీద పెట్టి చెయ్యి తీయబోయిన జోసెఫ్ వేళ్లు అంచుకు అంటుకుని ఒక క్షణం ఆలస్యంగా ఊడివచ్చాయి. ఆముదం ఆరదు. నెలైనా జిగురుగానే ఉంటుంది. ఈ సంగతి ఏ డిగ్రీలోనూ చెప్పరు.

నేను ఒడిలో ఉన్న గుడ్డ తీసి పీట చుట్టూ కప్పాను. గుడ్డ కూడా అంటుకుంది. సాస్ సీసా సగం ఒంపాను. ముందుకు వంగి ఆ పొగ మొత్తం నేనే పీల్చేద్దామని చూశాను.

"ఏమప్పా ఆ వాసన?" మామ ముక్కు నా వైపు తిరిగింది. "నాకు తెలిసిన వాసనే. నోటి చివర్న ఉండాది."

"మిరియాలు మామా."

"మిరియాలు నాకు తెలీదా? పీట తట్టు."

"వేడిగా ఉంది..."

"తట్టప్పా!"

గుడ్డ పక్కకు లాగి తట్టాను. సగం దెబ్బ చెక్క మీద, సగం ఇనుము మీద పడింది. కణుపు మీద చర్మం చుర్రుమంది, స్టేక్ కంటే శ్రావ్యంగా. కానీ చెక్క స్పష్టంగా పలికింది. టక్. నమ్మకం కుదరక మామ కూడా లేచి, వంగి, నా పీటను తట్టాడు. టక్. తన పీటను తట్టాడు. టక్. రెస్టారెంటంతా మమ్మల్నే చూసింది.

"ఆరిన కట్టేనే," అన్నాడు మామ అయోమయంగా.

జోసెఫ్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మీరు ఈ పీటలు చేసే అంగడివాళ్లు గదా సార్? తిండికి వచ్చినోళ్లు ఎవురూ పీటని తట్టరు. నిజం చెప్తా ఉండా. సగం పీటలు బంగారం. సగం పీటలు వేడి తగిలితే మా అవ్వ గుర్తొస్తాది. ఆముదం సార్. గిరాకీలు అడిగితే ఇది మా ఊరి మసాలా అని చెప్పి నెట్టుకొస్తా ఉండా, ఎన్ని దినాలని నెట్టేది?"

"ఆముదం!" మామ కుర్చీలో కూలబడ్డాడు. కళ్లు చిన్నవయ్యాయి. "మా అంగట్లో ఆముదం ఎవుని దగ్గరుంటాది? ఒక్కని దగ్గరే. మోకాళ్లకి పూసే నూనె పీటలకి పూసి, పిల్లి పారబోసిందని కత చెప్పినాడు. నేను నమ్మితిని. ఆ పిల్లిని ఎవురైనా చూసినారా? నువ్వు చూసినావా అల్లుడూ?"

నా అబద్ధం నెల రోజుల్లో పెరిగి పెద్దదై, ఇల్లు మారి నంజుండప్ప ఇంట్లో కూర్చుంది. లేదు మామా, చూడలేదు అన్నాను. అది మాత్రం నిజమే.

"మేనేజరుని పిలువు జోసెఫూ. అల్లుడూ, నేను చెప్పేది ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పు."

మేనేజరు టై సర్దుకుంటూ వచ్చాడు. మామ లేచి నిలబడి సఫారీ గుండీలు పెట్టుకున్నాడు. "చెప్పు. తప్పు మా పనోనిది."

మేనేజరు నా వైపు చూశాడు. నా చేతి కణుపు మండుతోంది. తట్టి చూసి నిజం చెప్తావు అన్న ముసలాయన మొహం ఆ పొగలో కనిపించిందంటే మీరు నమ్మరు, పొగ అంత ఉంది మరి. నోరు తెరిచాను. తప్పు నాది సార్, వేరుశనగ నూనె అయిపోతే బద్ధకించి నేనే ఆముదం పూశాను అని ఇంగ్లీషులో చెప్పాను.

మామ గంభీరంగా తల ఊపాడు. "వాన్ని ఇరవై రెండేండ్లు నమ్మినాను. రేపట్నుంచి అంగడికి రావద్దంటా అని చెప్పు."

ఆ కట్టె ఎంచిన పనివాడి తప్పు ఇందులో ఏమీ లేదు, ఆయన లాంటి పనివాడు కాటన్‌పేటలో లేడు, ఆయన పని పోకూడదు అన్నాను ఇంగ్లీషులో. మామ మళ్లీ తల ఊపాడు. మేనేజరు ఒకసారి కోపంగా ఉన్న మామను, ఒకసారి చెమటలు కారుతున్న నన్ను చూసి, ఏ మొహానికి ఏ మాట సరిపోతుందో తేల్చుకోలేక నిలబడ్డాడు. రెండు భాషలూ వచ్చిన జోసెఫ్ మాత్రం కనుబొమ్మలు నెత్తికెక్కించి నా వెనక నుంచి మెల్లగా అన్నాడు: "అదే మాట తెలుగులో గూడా చెప్పేయప్పా. పళ్లెం చల్లారిపోతా ఉండాది."

"ఏం మాట?" అన్నాడు మామ.

రైల్లో మూడు గంటలు తయారుచేసుకున్న ప్రసంగం ఒకటి ఉంది. అందులో వయసు, వేసవి, అత్త కాఠిన్యం అన్నీ ఉన్నాయి. ఒక్క ముక్క రాలేదు.

"మామా," అన్నాను, "పిల్లి లేదు."

నా పళ్లెం బుసలు కొట్టడం ఆగిపోయింది. ఆయన నా మొహం చూడలేదు, నా చొక్కా గళ్ల వైపు చూశాడు.

"నేను కొనిచ్చింది ఇదేనా?"

"అవును మామా."

"తిను."

"మామా, అది..."

"తిను. ఒక్క ముక్క వదలకూడదు."

తిన్నాను. ఆముదం పొగ పట్టిన గొర్రెపిల్లను, క్యారెట్టుతో సహా, ఎడమ చేత్తో ఫోర్కు పట్టుకుని, న్యాయంగా పూర్తి చేశాను. రుచి గురించి సమీక్ష రాయడానికి నాకు అర్హత లేదు. మామ తన చికెన్ తింటూ జోసెఫ్‌తో ముళబాగిలు వానల గురించి మాట్లాడాడు. మేనేజరు మంచివాడు. వారం గడువిచ్చాడు, ఆ ముప్పై పీటలూ సరిచేసి తెమ్మన్నాడు. ఏవి ముప్పై? అరవై పీటలూ వంటగది వెనక వసారాలో పేర్చి, "నీ ముక్కుతోనే ఏరు," అన్నాడు మామ. ఒక్కొక్కటే ముక్కుకు ఆనించి వాసన చూశాను. పాత్రలు కడిగేవాళ్లు పని ఆపి చూశారు.

మధ్యాహ్నం మూడున్నరకు గోనెసంచితో ఆటోలో బయల్దేరాం. దుకాణం మెట్లు ఎక్కుతుంటే నంజుండప్ప చేస్తున్న పని ఆపాడు. ఈసారి మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆయన భోజనం క్యారియరు మూత కూడా తీయకుండా స్టూలు పక్కనే ఉంది. సంచి వైపు చూడలేదు, వాసన సంగతి అడగలేదు.

"తట్టి చూసినారా?"

"చూసినా," అన్నాడు మామ.

"ఏమంది?"

"టక్‌మంది. మూడు సార్లు తట్టినాము. టక్‌మనే అంది."

నంజుండప్ప కూర్చున్నాడు. మొలలోంచి నశ్యం డబ్బీ తీసి, ఒక చిటికె పీల్చి, క్యారియరు దగ్గరికి లాక్కున్నాడు. మామ నన్ను ముందుకు తోశాడు. "మిగిలింది వీడు చెప్తాడు."

చెప్పాను. ఆయన అన్నం కలుపుకుంటూ మొత్తం విన్నాడు. తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"డబ్బా అంతా ముప్పై పీటలకే అయిపాయెనా?" అన్నాడు చివరికి.

"అయిపోయింది."

"చానా ఎక్కువ పూసినావు. నూనె పట్టించేది అట్ల కాదప్పా. రేపు పొద్దున్నే రా, చూపిస్తా."

ఆ మరుసటి నాలుగు రోజులూ నేను బెంగుళూరులో లాల్‌బాగ్ చూడలేదు, కబ్బన్ పార్కు చూడలేదు. వేడి చేసిన రంపపొట్టులో పీటలను పూడ్చి నూనె లాగడం, పైపొర చిత్రిక పట్టడం, మూడు చుక్కల వేరుశనగ నూనెతో పీట మొత్తం రుద్దడం నేర్చుకున్నాను. మూడే చుక్కలు. నాలుగోది వేస్తే నంజుండప్ప నా చేతి మీద కొట్టేవాడు, సరిగ్గా కాలిన కణుపు మీద. ఐదో రోజు పీటలు వెళ్లాయి, మళ్లీ వెనక్కి రాలేదు. తర్వాతి నెల హిందూపురం గానుగ నుంచి రెండు డబ్బాల ఆముదం తీసుకెళ్లి ఆయనకిచ్చాను. ఆయన వాటిని అల్మారాలో పెట్టి, మొదటిసారిగా తాళం వేసుకున్నాడు.

స్టేక్ హౌస్‌కు వెళ్లే ముందు నేను భయపడ్డవి చాలా ఉన్నాయి: చీకటి, మెనూ, ఫోర్కులు, ఇంగ్లీషు. అన్నిటికంటే తేలిగ్గా గడిచింది ఇంగ్లీషే. ఆ భాషలో నిజం చెప్పడం ఎంత సులువంటే, ఇంకెవరి తప్పో ఒప్పుకుంటున్నట్టు గడగడా వచ్చేసింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషికి, ఆయన మాట్లాడే మాటల్లో చెప్పాల్సి వచ్చేసరికి నా దగ్గర రెండే పదాలు మిగిలాయి. ఇప్పుడు ఉద్యోగరీత్యా అలాంటి చోట్ల తరచూ తింటుంటాను. పళ్లెం బుసలు కొడుతూ వచ్చినప్పుడు అందరూ మాంసం వైపు చూస్తారు. నా కళ్లు ముందు కింది చెక్క మీదికే పోతాయి. దాన్ని ఎవరు ఎంచారో, ఎన్ని నెలలు నీడన ఆరబెట్టారో, ఎక్కడో ఒక స్టూలు మీద అన్నం ముట్టకుండా దాని కబురు కోసం ఎవరు కూర్చున్నారో అనిపిస్తుంది.

వెళ్లేవాళ్లకు ఒకే ఒక్క సలహా. తినడం అయ్యాక పీటను ఒకసారి వేలి కణుపుతో తట్టి చూడండి. టక్‌మంటే ఆ మాట వెయిటరుకు చెప్పి రండి, చేసినవాళ్లకు చేరుతుంది. కాకపోతే పళ్లెం పూర్తిగా చల్లారేదాకా ఆగండి. నా కుడి చేతి రెండో కణుపు మీద ఆ మచ్చ ఇంకా ఉంది.